గరివిడి రాయి

గరివిడిలో, చీపురుపల్లి రోడ్డు మీద
మా షెడ్డుకి బోర్డు లేదు, వేలాడే టైరే గుర్తు.
మొన్న మంగళవారం నీలం రంగు కారొకటి
కుంటుకుంటూ వచ్చి ఆగింది.

నాలుగు వేల దాకా బాగానే లాగుతుందట.
టర్బో దమ్ము కట్టగానే తడబడుతుందట,
స్టేజీ మీద పద్యం మరిచిపోయిన వేషగాడిలా.
కుర్రాడి పేరు అలజంగి వినీతు.
రాజాంలో వాళ్ళది గోగునార వ్యాపారం,
ఆ నార డబ్బు కొంత ఈ ఇంజనులో మండుతోంది.

"కాయిళ్ళు మార్చాను, పంపు మార్చాను.
విశాఖలో కంప్యూటరు పెట్టి చూశారు,
రెండు సిలిండర్లు మంట తప్పుతున్నాయంది.
ఎందుకో మాత్రం చెప్పలేదన్నా."

నేను టీ తెప్పించుకుని కూచున్నాను.
వేడి మీద ప్లగ్గు ముట్టకూడదు,
అల్యూమినియం మరలు చీరుకుని వచ్చేస్తాయి.
ఈ ఒక్క ముక్క నేర్చుకోడానికి
మా మేస్త్రీ చేత రెండు లెంపకాయలు తిన్నాను.

చల్లబడ్డాక పొడుగు సాకెట్టు దింపి
ఒకటో ప్లగ్గు పైకి తీస్తే
మసి కాదు, నూనె జిడ్డు కాదు,
పింగాణీ మెడ నిండా కాల్చిన ఇటుక రంగు.
రెండోదీ అంతే. మూడోదీ, నాలుగోదీ.

"ఏటి బాబూ, ట్యాంకులో ఏటి పోస్తన్నావు?"
డిక్కీలోంచి సంచి తీశాడు.
ఎనిమిది ఖాళీ సీసాలు, తొమ్మిదోది సగం.
ఆక్టేన్ పెంచే మందట.
ముందువైపు పరుగెత్తే గుర్రం బొమ్మ,
వెనకాల చీమ తలకాయలంత అక్షరాలు.
కళ్ళజోడు సర్దుకుని చదివాను:
మాంగనీసు.

నవ్వొచ్చింది.
మాంగనీసు కోసం సీసాకి తొమ్మిది వందలా!
మా అమ్మ ముప్పయ్యేళ్ళు ఇక్కడి గనుల్లో
రాయి కొట్టింది, రాయి ఏరింది,
తట్టకింతని కూలి.
సాయంత్రం ఆవిడ నీళ్ళోసుకుంటే
గాబు దగ్గర మడుగు తారులా ఉండేది.
కలిపిన అన్నంలో ఆ నలుపు చారలు కనపడేవి.
మేం తినేసేవాళ్ళం.

అమ్మ అక్కడే, గుమ్మంలో
చింతపిక్కలు తీస్తోంది. ప్లగ్గు చేతిలో పెట్టాను.
ఎత్తి తూచింది. గోటితో గీకింది.
ఎండకి పెట్టి చూసింది.
"ఇది మా రాయి కాదురా తవిటీ.
మాది నలుపు. ఇదేటి, కుంకంలాగుంది?"
"నిప్పులో కాలితే ఇలాగవుతాదే" అన్నాను.
"ఓలమ్మా" అంది. అంతే,
మళ్ళీ చింతపండు మీదికి వంగింది.

వినీతుకి చెప్పాను, నాకు చేతనైనంత:
రవ్వ సన్నటి సందు దాటి దూకాలి.
దమ్ము పెరిగేకొద్దీ ఆ సందులో గాలి బిగుసుకుంటుంది,
దూకడం కష్టం.
పక్కనే ఈ ఎర్రపూత దొంగదారి చూపిస్తే
రవ్వ మాత్రం ఏం చేస్తుంది,
పింగాణీ మీంచి చల్లగా జారుకుంటుంది.
లోపల పెట్రోలు మండకుండా బయటికి పోతుంది.

"మరి ఏ మందు మంచిదన్నా?"

ఇంత చెప్పాక అడిగిన ప్రశ్న అది.

కొత్త ప్లగ్గులు నాలుగు, ఒక మెట్టు చల్లనివి.
సందు పాయింట్ ఏడుకి నొక్కి,
మొదట వేళ్ళతో తిప్పి, ఆ తర్వాతే పానా.
ట్యాంకులోది క్యాన్లలోకి దింపి
మామూలు పెట్రోలు పోయించాను.
గుర్ల వైపు మూడో గేరులో తొక్కిన చప్పుడు
ఎక్కడా తెగకుండా
రైలు పట్టాలు దాటినా వినిపించింది.

సగం సీసా బెంచీ మీదే వదిలేశాడు.
మోరీలో పొయ్యబోతుంటే
అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.
మూత బిగించి, కొంగుతో తుడిచి,
పని మానేసిన రోజు తెచ్చుకున్న సుత్తి పక్కన
అటక మీద పెట్టేసింది.
"ఎంతైనా మన రాయే కదరా" అంది.